పన్నెండో తరగతి సీబీఎస్‌ఈ ఇంగ్లీషు సాహిత్యం: పాఠం చదవడం నుంచి జవాబు రాసేదాకా

పన్నెండో తరగతికి ఇంగ్లీషు చెప్పే టీచరుగా ప్రతి ఏడాదీ నాకు వినిపించే మాట ఒకటుంది: "ఇంగ్లీషే కదా మేడమ్, జనవరిలో చూసుకుంటాం." పిల్లల్ని తప్పుపట్టలేను. పొద్దున ఫిజిక్స్, సాయంత్రం కోచింగ్, రాత్రి మాక్ టెస్టు. ఫ్లెమింగో, విస్టాస్ అనే ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు బ్యాగులో అడుగున పడి ఉంటాయి. ప్రీబోర్డులో సాహిత్యం సెక్షన్‌కి నలభైకి పద్దెనిమిది వచ్చాక టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు గైడు కొని, అందులోని జవాబులు బట్టీ పడతారు.

నేనూ ఒకప్పుడు అదే చేశాను. నా ప్లస్ టూ పరీక్షలో ఒక కథ మీద గైడులో ఉన్న జవాబు అక్షరం పొల్లుపోకుండా రాశాను. ప్రశ్న ఆ కథ గురించే అడిగారు, కానీ కోణం వేరు. పాత్ర ఎందుకలా చేసిందో అడిగితే నేను పాత్ర ఏం చేసిందో రాసి వచ్చాను. మార్కులు చూశాక చాలా బాధపడ్డాను. ఆ కథను అసలు చదవలేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. జవాబు చదివాను, కథ చదవలేదు. ఈ వ్యాసమంతా ఆ తేడా గురించే.

ఇంగ్లీషు మార్కులు ఎవరు చూస్తారులే అనుకునేవాళ్లకు ఒక మాట. జేఈఈ మెయిన్ ద్వారా ఎన్‌ఐటీలో సీటు కావాలంటే పన్నెండో తరగతిలో 75 శాతం ఉండాలి, లేదా మీ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అది 65 శాతం. ఆ శాతం లెక్కించే ఐదు సబ్జెక్టుల్లో భాష కూడా ఒకటి. మ్యాథ్స్‌లో పోయిన మార్కుల్ని ఇంగ్లీషు భర్తీ చేసిన పిల్లలు నా క్లాసుల్లోనే ఉన్నారు.

ముందు పేపర్ తెలుసుకోండి

ఇంగ్లీషు కోర్ థియరీ పేపర్ 80 మార్కులకు ఉంటుంది, మిగతా 20 ఇంటర్నల్. ఇటీవలి పద్ధతిలో ఆ ఎనభైలో రీడింగ్‌కి 22, రైటింగ్‌కి 18, సాహిత్యానికి 40. అంటే సగం పేపర్ ఈ రెండు చిన్న పుస్తకాల నుంచే వస్తుంది.

ఆ నలభై ఇలా చీలుతుంది. పద్యం నుంచి కొన్ని పంక్తులు ఇచ్చి అడిగే ప్రశ్నలకు 6, విస్టాస్ గద్యం ఎక్స్‌ట్రాక్ట్‌కి 4, ఫ్లెమింగో గద్యం ఎక్స్‌ట్రాక్ట్‌కి 6. తర్వాత 40 నుంచి 50 పదాల చిన్న జవాబులు: ఫ్లెమింగో నుంచి ఆరింటిలో ఐదు, విస్టాస్ నుంచి మూడింటిలో రెండు, ఒక్కోదానికి 2 మార్కులు. చివర్లో 120 నుంచి 150 పదాల పెద్ద జవాబులు రెండు, పుస్తకానికొకటి, ఒక్కోదానికి 5 మార్కులు. బోర్డు ఈ లెక్కల్ని అప్పుడప్పుడు మారుస్తుంది కాబట్టి మీ సంవత్సరపు శాంపిల్ పేపర్‌ని సీబీఎస్‌ఈ అకడమిక్ వెబ్‌సైట్‌ నుంచి దించుకుని, ప్రింట్ తీసి టేబుల్ ముందు అతికించుకోండి. సిలబస్ కూడా అక్కడే సరిచూసుకోండి. పాత పుస్తకాల్లో ఉన్న కొన్ని పాఠాలు ఇప్పుడు పరీక్షకు లేవు. అన్నయ్య పుస్తకంతో చదివేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఈ లెక్కలో గమనించాల్సింది ఒకటుంది. నలభైలో 16 మార్కులు ఎక్స్‌ట్రాక్టులవే. పాఠంలోని ఒక ముక్క ఇచ్చి, అందులోని మాటకు అర్థం, గొంతులోని భావం, ముందు వెనక సందర్భం అడుగుతారు. వీటికి గైడు సారాంశం ఎందుకూ పనికిరాదు. పాఠాన్ని పుస్తకంలో, రచయిత మాటల్లో చదివినవాళ్లకే అవి తేలిగ్గా వస్తాయి.

మొదటి చదువు: గైడు లేకుండా, పెన్సిల్‌తో

ఇప్పటి సిలబస్‌లో ఫ్లెమింగో గద్యం ఎనిమిది, పద్యాలు ఐదు, విస్టాస్ ఆరు. మొత్తం పంతొమ్మిది. వారానికి రెండు చదివితే పది వారాల్లో మొదటి చదువు అయిపోతుంది. ఒక్కో పాఠం కొన్ని పేజీలే. ఆదివారం మధ్యాహ్నం ఒకటి, వారం మధ్యలో ఒకటి పెట్టుకుంటే కోచింగ్‌కి అడ్డం రాదు.

మొదటిసారి చదివేటప్పుడు డిక్షనరీ ముట్టుకోవద్దు. తెలియని మాట కింద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి ముందుకు వెళ్లిపోండి. ప్రతి మాటకూ ఆగితే కథ చేతికి అందదు. చివరిదాకా వచ్చాక వెనక్కి వెళ్లి, చుక్కలు పెట్టినవాటిలో కథకు అవసరమైనవాటికి మాత్రమే అర్థం చూసి, పక్కన మార్జిన్‌లో తెలుగులోనే రాసుకోండి. తెలుగులో రాసుకోవడానికి మొహమాటపడకండి. మార్జిన్ మీది. అర్థం మనసులో దిగేది మీ భాషలోనే.

తర్వాత చేయాల్సిన పని నేను క్లాసులో అందరికీ చెప్తాను, చేసేవాళ్లు కొద్దిమందే. కానీ చేసినవాళ్లలో తేడా నాకు స్పష్టంగా కనిపిస్తుంది. పుస్తకం మూసేసి, ఆ కథను ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. అమ్మమ్మకు, తమ్ముడికి, ఎవరికైనా. ఐదు నిమిషాలు చాలు. "ఒక ఊళ్లో ఎలుకల బోన్లు అమ్ముకునేవాడు ఉండేవాడు అమ్మమ్మా" అని మొదలుపెట్టండి. అమ్మమ్మ మధ్యలో "మరి అంత దూరం ఎందుకెళ్లాడు? డబ్బులు ఎందుకు తిరిగిచ్చాడు?" అని అడుగుతుంది. మీరు ఎక్కడ తడబడితే అక్కడ మీకు పాఠం అర్థం కాలేదన్నమాట. పరీక్షలో అడిగేవి కూడా దాదాపు అమ్మమ్మ అడిగే ప్రశ్నలే.

రెండో చదువు: ఒక పాఠాన్ని విప్పి చూద్దాం

రెండోసారి చదివేటప్పుడు నోట్సు రాయండి, పాఠానికి ఒక్క పేజీ. అందులో కథ సారాంశం రాయకండి, అది అమ్మమ్మకు చెప్పేటప్పుడే వచ్చేసింది. రాయాల్సినవి ఇవి: మనిషి ఎక్కడ మారాడు, ఎవరి వల్ల మారాడు, ఏ వస్తువు లేదా మాట మళ్లీ మళ్లీ వస్తోంది, పాఠానికి ఆ పేరే ఎందుకు పెట్టారు.

ఫ్లెమింగోలోని 'ద ర్యాట్‌ట్రాప్' తీసుకుందాం. దీన్ని రాసిన సెల్మా లాగర్‌లోఫ్ స్వీడన్ రచయిత్రి. 1909లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్నారు, ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే.

కథలో పేదవాడొకడు తీగతో ఎలుకల బోన్లు చేసి అమ్ముకుంటూ తిరుగుతుంటాడు. ఒకరోజు అతనికి ఒక ఆలోచన వస్తుంది: ఈ లోకమే ఒక పెద్ద బోను, తిండి, డబ్బు, సుఖం అన్నీ అందులో పెట్టిన ఎర. ఒక ముసలి రైతు అతన్ని ఆదరించి, అన్నం పెట్టి, తన దగ్గరున్న ముప్పై క్రోనార్లు (స్వీడన్ డబ్బు) చూపిస్తాడు. మర్నాడు ఇతను వాటిని దొంగిలించి, రోడ్డు మీద వెళ్తే పట్టుబడతానని అడవిదారి పడతాడు, దారి తప్పుతాడు. అప్పుడు అతనికే తడుతుంది, తను బోనులో పడ్డానని. తర్వాత ఇనుప కర్మాగారం యజమాని ఇతన్ని సైన్యంలోని పాత స్నేహితుడని పొరబడి ఇంటికి రమ్మంటాడు. ఇతను భయపడి రానంటాడు. యజమాని కూతురు ఎడ్లా వచ్చి పిలిస్తే వెళ్తాడు. మర్నాడు అసలు మనిషి కాదని తెలిసి యజమాని పోలీసును పిలుస్తానంటే, క్రిస్మస్ పండగపూట పిలిచిన అతిథిని గెంటేయొద్దని ఎడ్లా ఆపుతుంది. ఆ తర్వాత అతను వెళ్లిపోతూ ముప్పై క్రోనార్లు, ఒక చిన్న బోను, ఒక ఉత్తరం ఆమెకు వదిలి వెళ్తాడు. ఉత్తరం కింద సంతకం కెప్టెన్ వాన్ స్టాలే అని ఉంటుంది, అంటే అతన్ని పొరబడి పిలిచిన పేరుతో.

ఇప్పుడు నోట్సు. మనిషి మారింది ఎక్కడ? యజమాని పిలిచినప్పుడు మారలేదు, ఎడ్లా నిజం తెలిశాక కూడా గౌరవించినప్పుడు మారాడు. ఈ ఒక్క వాక్యం మీ నోట్సులో ఉంటే ఈ పాఠం మీద ఎలాంటి ప్రశ్న వచ్చినా రాయగలరు. మళ్లీ మళ్లీ వచ్చేది బోను: చేతిలో అమ్మే బోను, మనసులో లోకమనే బోను, అడవిలో తను చిక్కిన బోను, చివర్లో కానుకగా ఇచ్చిన బోను. అదే పేరు ఎందుకో కూడా చెప్పేసింది. ఒకే వస్తువు నాలుగుసార్లు వచ్చి, ప్రతిసారీ అర్థం మార్చుకుంది. ఇలాంటిది మీ కంటితో మీరు పట్టుకున్నప్పుడు కలిగే సంతోషం కోసమైనా పాఠాన్ని రెండోసారి చదవాలి.

మిగతా పాఠాల్లో కూడా ఇలాగే వెతకండి. 'ద లాస్ట్ లెసన్'లో ఫ్రాంజ్ అనే బడిపిల్లాడికి పుస్తకాలు పొద్దున బరువు, కాసేపటికి వదల్లేని పాత నేస్తాలు. మధ్యలో ఏం జరిగింది? బెర్లిన్ నుంచి ఉత్తర్వు వచ్చింది: అల్సాస్, లొరైన్‌ల బడుల్లో ఇక జర్మన్ మాత్రమే చెప్పాలి. 1870-71 యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిపోయి ఆ ప్రాంతాలు పోగొట్టుకుందన్న చరిత్ర తెలిస్తే ఆ క్లాసులో ఊరి పెద్దలు వెనక బెంచీల్లో ఎందుకు కూర్చున్నారో అర్థమవుతుంది. 'డీప్ వాటర్'లో రచయితకు నీళ్లంటే భయం ఎలా పుట్టిందో ఒక భాగం, దాన్ని ఎలా గెలిచాడో ఇంకో భాగం. 'ఇండిగో'లో గాంధీజీని చంపారన్‌కు రప్పించిన రైతు రాజ్‌కుమార్ శుక్లా పట్టుదల, చంపారన్ రైతులు భూమిలో 15 శాతం నీలిమందు వేయాల్సిన నిబంధన, దొరలు వసూలు చేసినదాంట్లో 25 శాతం మాత్రమే తిరిగిస్తామంటే గాంధీజీ ఎందుకు ఒప్పుకున్నారన్నది ముఖ్యం. డబ్బు కంటే దొరల ప్రతిష్ఠ తగ్గడం, రైతుకు భయం పోవడం ముఖ్యమని ఆయన లెక్క. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో తరచూ వస్తుంటుంది.

'లాస్ట్ స్ప్రింగ్'లో ఫిరోజాబాద్ గాజుల కొలిమిలో పనిచేసే ముఖేష్ ఉంటాడు. మన ఇళ్లలో పెళ్లిళ్లకు వేసుకునే గాజుల్లో ఎన్నో ఆ ఊరినుంచే వస్తాయి. చేతికున్న గాజు చూస్తూ ఆ పాఠం చదివితే మరిచిపోరు.

'పోయెట్స్ అండ్ ప్యాన్‌కేక్స్' అంటే పిల్లలు భయపడతారు. జరిగే కథ లేదు, పేర్లు బోలెడు. ఇది మద్రాసు జెమినీ స్టూడియో జ్ఞాపకం. రాసిన అశోకమిత్రన్ సికింద్రాబాద్‌లో పుట్టి, యువకుడిగా మద్రాసు వెళ్లి ఆ స్టూడియోలో పనిచేసిన తమిళ రచయిత. ప్యాన్‌కేక్ అంటే అక్కడ మేకప్‌కి వాడిన సరుకు. ఇందులో పట్టుకోవాల్సింది రచయిత గొంతు: నవ్వించాలని ప్రయత్నించకుండానే నవ్వు పుట్టిస్తాడు. ఆ గొంతు పట్టుకుంటే సుబ్బు పాత్ర, మేకప్ గదిలో 'ఆఫీస్ బాయ్' కోపం, ఇంగ్లీషు కవి స్టీఫెన్ స్పెండర్ వచ్చినప్పుడు ఎవరికీ ఏమీ అర్థం కాకపోవడం అన్నీ తమంతట తామే గుర్తుంటాయి.

పద్యాలు: ఇక్కడ తొందరపడొద్దు

పద్యాలు ఐదే. పంక్తులు తక్కువ, మార్కులు ఎక్కువ. అందుకే వీటి మీద ఎక్కువసేపు కూర్చోమని చెప్తాను.

పద్యాన్ని ముందు పైకి చదవండి, రెండుసార్లు. తలుపు వేసుకుని చదివినా పర్లేదు. తర్వాత దాన్ని మామూలు తెలుగు వచనంలో చెప్పుకోండి. ఆ తర్వాతే అలంకారాల జోలికి వెళ్లండి.

కమలాదాస్ రాసిన 'మై మదర్ ఎట్ సిక్స్‌టీ సిక్స్' చూద్దాం. కూతురు పుట్టింటినుంచి కారులో కొచ్చిన్ విమానాశ్రయానికి వెళ్తోంది. పక్కన తల్లి నోరు తెరుచుకుని కునుకు తీస్తోంది, ముఖం బూడిదరంగులో శవంలా ఉంది. ఆ భయం తట్టుకోలేక కూతురు కిటికీ బయటికి చూస్తుంది. పరుగెత్తే చెట్లు, ఇళ్లలోంచి గలగలా బయటికొచ్చే పిల్లలు. విమానాశ్రయంలో సెక్యూరిటీ చెక్ దాటాక మళ్లీ తల్లిని చూస్తుంది, చలికాలం చివరి చంద్రుడిలా వెలవెలబోయి ఉంది. చిన్నప్పటి భయం మళ్లీ గుండెలో. కానీ పైకి చెప్పేది "మళ్లీ కలుద్దాం అమ్మా" అని మాత్రమే, తర్వాత చిరునవ్వులు.

మనలో పెళ్లయి దూరం వెళ్లిన అక్కలున్న ఇళ్లలో, అమెరికా నుంచి వచ్చి తిరిగి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఈ శంషాబాద్ ఎయిర్‌పోర్టు క్షణం తెలియని కుటుంబం ఉండదు. పద్యాన్ని ఆ అనుభవంతో కలిపి చదవండి.

ఇప్పుడు అలంకారాలు. తెలుగులో ఉపమాలంకారం నేర్చుకున్నారు కదా, 'లా', 'వలె' అని పోలిస్తే ఉపమ. అదే సిమిలీ. శవంలా ముఖం, చలికాలపు చంద్రుడిలా తల్లి. 'లా' లేకుండా అదే ఇది అంటే రూపకం, దాన్ని మెటఫర్ అంటారు. చెట్లు పరుగెత్తడం అంటే ప్రాణం లేనిదానికి మనిషి పని అంటగట్టడం, అది పర్సొనిఫికేషన్. ఒకే అక్షరం మొదట్లో మళ్లీ మళ్లీ వస్తే అలిటరేషన్, మన వృత్త్యనుప్రాసకు దగ్గరి చుట్టం. తెలుగు క్లాసులో నేర్చుకున్నది ఇక్కడ నేరుగా పనికొస్తుంది.

అయితే అలంకారం పేరు రాసి ఆగిపోతే సగం మార్కే. ఎందుకు వాడారో రాయాలి. పరుగెత్తే చెట్లు ఎందుకు? బయట ప్రాణం పరుగెడుతోంది, కారులో పక్కన ప్రాణం తగ్గిపోతోంది. ఆ రెండింటి తేడా గుండెకు తగలడానికి. ఇంకొకటి గమనించారా? ఈ పద్యమంతా ఒకే వాక్యం, చివరిదాకా ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు. ఆగని ప్రయాణం లాగా, ఆపుకోలేని ఆలోచన లాగా. చివర్లో స్మైల్ అన్న మాట వెంటవెంటనే మూడుసార్లు వస్తుంది. ఒక్కసారి అంటే నవ్వింది అనుకుంటాం. మూడుసార్లు అంటే ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తుంది.

ప్రతి పద్యానికీ నోట్సులో మూడు వరుసలు గీసుకోండి: పద్యంలోని మాట, దాని అలంకారం, అది ఎందుకు. మూడో వరుస ఖాళీగా ఉన్నంతకాలం ఆ పద్యం పూర్తవలేదన్నమాట.

ఏడ్రియన్ రిచ్ రాసిన 'ఆంట్ జెన్నిఫర్స్ టైగర్స్'లో మూడో వరుస చాలా బాగా నిండుతుంది. ఆమె కుట్టిన పులులు మగవాళ్లకు భయపడవు, ఆమె వేళ్లు మాత్రం సూదిని కూడా లాగలేక వణుకుతాయి. వేలికున్న పెళ్లి ఉంగరం ఎందుకంత బరువు? అది ఉంగరం బరువు కాదని మీరే రాయగలరు. రాబర్ట్ ఫ్రాస్ట్ 'ఎ రోడ్‌సైడ్ స్టాండ్' చదివేటప్పుడు మన హైవేల పక్కన జామకాయలు, సీతాఫలాలు పెట్టుకుని కూర్చున్నవాళ్లను గుర్తు తెచ్చుకోండి. కార్లు ఆగుతాయి, కానీ కొనడానికి కాదు, దారి అడగడానికో బండి తిప్పుకోవడానికో. ఆ పద్యంలో మేలు చేస్తామంటూ వచ్చి దోచుకునేవాళ్లకు వాడిన మాటలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉంటాయి, దయగల క్రూరమృగాలు అన్నట్టు. దాన్నే ఆక్సిమొరాన్ అంటారు.

కీట్స్ 'ఎ థింగ్ ఆఫ్ బ్యూటీ' 1818లో వచ్చిన ఒక పెద్ద కావ్యం తొలి భాగంలోది. దీనికి చేయాల్సింది ఒక పట్టిక: మనల్ని కుంగదీసేవి ఒకవైపు, బతుకు మీద ఆశ పుట్టించే అందమైనవి ఇంకోవైపు. అది వేస్తే చాలు. నెరూడా 'కీపింగ్ క్వైట్'లో ఒక్క విషయం మరవొద్దు: కవి కోరేది కాసేపు మౌనం, బద్ధకమో చావో కాదు. ఈ తేడా మీదే ప్రశ్న వస్తుంటుంది.

రాయడం: రెండు మార్కుల జవాబు

నలభై పదాలంటే మూడు నాలుగు వాక్యాలు. మొదటి వాక్యంలోనే సూటిగా జవాబు. తర్వాత పాఠం నుంచి ఒకటి రెండు ఆధారాలు. అంతే. "ఈ పాఠాన్ని ఫలానా రచయిత రాశారు, ఇది చాలా గొప్ప కథ" అన్న ముందుమాట వద్దు. దానికి మార్కు లేదు, పదాలు మాత్రం పోతాయి.

బోన్ల వ్యాపారి కెప్టెన్ పేరుతో ఎందుకు సంతకం చేశాడు అని అడిగారనుకోండి. చాలామంది పిల్లలు ఇలా రాస్తారు: అతను పేదవాడు, ముప్పై క్రోనార్లు దొంగిలించాడు, ఎడ్లా ఇంటికి వెళ్లాడు, తర్వాత డబ్బు తిరిగిచ్చాడు, కెప్టెన్ అని సంతకం పెట్టాడు. ఇదంతా నిజమే. కానీ 'ఎందుకు'కి జవాబు ఎక్కడుంది? సరైన జవాబు ఇలా మొదలవ్వాలి: ఎడ్లా తనను నిజమైన కెప్టెన్‌లాగే గౌరవించింది కాబట్టి, ఆ గౌరవానికి తగినట్టు ప్రవర్తించాలనుకున్నాడు. రెండో వాక్యం: నిజం తెలిశాక కూడా ఆమె అతన్ని పండగకు ఉండనిచ్చింది. మూడోది: దొంగిలించిన డబ్బు తిరిగిచ్చి, ఆ పేరుకు తను అర్హుడినని చూపించాడు. మూడు వాక్యాలు, పూర్తి మార్కులు.

ఈ మూడు వాక్యాల్ని మనసులో తెలుగులో అనుకున్నా ఫర్వాలేదు. రాసేటప్పుడు చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాయండి. పెద్ద పదాలు వెతకొద్దు. పేపర్ దిద్దేవాళ్లు ముందు వెతికేది పాయింటు. చిన్న తప్పులేని వాక్యంలో ఉన్న పాయింటు, తప్పులున్న పెద్ద వాక్యంలోని పాయింటు కంటే ముందు కంటికి కనిపిస్తుంది.

మనవాళ్లు తరచూ చేసే కొన్ని తప్పులు చెప్తాను. కథ చెప్తూ కాలం మార్చేయడం: ఒక వాక్యం ప్రెజెంట్ టెన్స్, ఇంకోటి పాస్ట్. సాహిత్యం జవాబుల్లో మొదటినుంచి చివరిదాకా ప్రెజెంట్ టెన్స్‌లోనే ఉండండి. 'డిస్కస్ అబౌట్', 'కోప్ అప్ విత్' అనే మాటలు మన నోట అలవాటైపోయాయి. సరైనవి 'డిస్కస్', 'కోప్ విత్'. పేర్ల స్పెల్లింగ్ తప్పకూడదు: సదావో, జిట్కాలా షా, ప్రతిబంధపురం లాంటివి పది పదిహేనుంటాయి, నోట్సు అట్ట వెనక రాసుకుని రోజూ ఒకసారి చూడండి.

ఐదు మార్కుల జవాబు

ఇక్కడ రెండు మూడు పేరాలు ఉండాలి, ఒక వైఖరి ఉండాలి. 'ద ఎనిమీ' తీసుకుందాం. యుద్ధకాలంలో జపాన్‌లో డాక్టర్ సదావో ఇంటి దగ్గరికి గాయపడిన అమెరికన్ సైనికుడు కొట్టుకొస్తాడు. శత్రువు. కాపాడితే దేశద్రోహం, వదిలేస్తే వైద్యుడి ధర్మానికి ద్రోహం. అతను ఆపరేషన్ చేసి కాపాడతాడు, చివరికి పడవ ఇచ్చి పంపించేస్తాడు. సదావో చేసింది సరైనదేనా అని అడిగితే ఎలా రాయాలి?

మొదటి పేరాలో మీ వైఖరి, అది కూడా సదావో ఎదుర్కొన్న సంఘర్షణతో కలిపి. రెండో పేరాలో ఆధారాలు: పనివాళ్లు ఇల్లు వదిలి వెళ్లినా అతను ఆగలేదు, భార్య హానా తన ద్వేషాన్ని మింగి తనే గాయం కడిగింది, సైనికుణ్ని చంపడానికి మనుషుల్ని పంపుతానన్న జనరల్ ఆ మాట మరిచిపోయాడు, అప్పుడు పడవ. మూడో పేరాలో ఎదురు వాదన కూడా ఒప్పుకోవాలి: సదావో మనసులో ద్వేషం పూర్తిగా పోలేదు, ఎందుకు కాపాడానా అని అతనికే చివరిదాకా తెలియదు. ఇది ఒప్పుకుంటే మీ జవాబు బలహీనపడదు, లోతు వస్తుంది. కథలో ఆ సందేహమే అందమని నాకనిపిస్తుంది.

కొన్నిసార్లు పాత్రగా మారి డైరీ రాయమంటారు, ఉత్తరం రాయమంటారు, రెండు పాఠాలు పోల్చమంటారు. పోలికకు విస్టాస్‌లోని 'మెమరీస్ ఆఫ్ చైల్డ్‌హుడ్' మంచి సాధన. ఇద్దరు స్త్రీలు: అమెరికా ఆదివాసీ రచయిత్రి జిట్కాలా షా, బలవంతంగా జుట్టు కత్తిరించిన బడి గుర్తు చేసుకుంటుంది. తమిళ దళిత రచయిత్రి బామ, ఒక పెద్దాయన వడల పొట్లాన్ని తాకకుండా దారం పట్టుకుని తీసుకెళ్తుంటే మొదట నవ్వుకుని, అన్నయ్య అసలు కారణం చెప్పాక కోపంతో రగిలిపోయిన రోజు గుర్తు చేసుకుంటుంది. పోలిక రాసేటప్పుడు సగం జవాబు ఒకరి గురించి, సగం ఇంకొకరి గురించి రాయకండి. ప్రతి పేరాలో ఇద్దరూ ఉండాలి: ఇద్దరికీ జరిగిన అవమానం ఒక పేరా, ఇద్దరూ ఎదిరించిన తీరు ఇంకో పేరా. ఒకరు ఆ క్షణంలోనే పోరాడారు, ఇంకొకరు చదువుతో పోరాడారు. ఆ తేడా మీ జవాబులో కనిపించాలి.

చివరి రెండు నెలలు

డిసెంబర్‌కల్లా నోట్సు పంతొమ్మిది పేజీలు అయితే జనవరినుంచి చదవడం తగ్గించి రాయడం పెంచండి. వారానికి ఒక శాంపిల్ పేపర్‌లోని సాహిత్యం సెక్షన్ మాత్రం, గడియారం పెట్టుకుని గంటా పావులో రాయండి. రాశాక సీబీఎస్‌ఈ ఇచ్చే మార్కింగ్ స్కీమ్‌తో మీరే దిద్దుకోండి. అందులో ఒక్కో జవాబుకు ఏయే పాయింట్లకు మార్కు ఇస్తారో ఉంటుంది. మీ జవాబులో లేని పాయింటు పాఠంలో ఏ పేజీలో ఉందో వెతికి, పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇలా నాలుగు పేపర్లు చేసేసరికి పుస్తకం నిండా గీతలుంటాయి. పరీక్ష ముందు రోజు మీరు చదవాల్సింది ఆ గీతలే.

ఎక్స్‌ట్రాక్టుల కోసం ఒక చిన్న ఆట. స్నేహితుడు పుస్తకం ఎక్కడైనా తెరిచి రెండు వాక్యాలు చదువుతాడు. ఇది ఎవరి మాట, ఎప్పటిది, అంతకుముందు ఏం జరిగింది అని మీరు చెప్పాలి. బస్సులో వెళ్తూ కూడా ఆడొచ్చు. నా విద్యార్థులు కొందరు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లతో ఆడారు, ఎక్స్‌ట్రాక్టుల్లో మార్కులు పోకుండా చూసుకున్నారు.

పరీక్ష హాల్లో

రాయడం పదిన్నరకు మొదలవుతుంది, అంతకుముందు పదిహేను నిమిషాలు చదువుకోవడానికి ఇస్తారు. ఆ సమయంలో ఎక్స్‌ట్రాక్టులు, పెద్ద ప్రశ్నలు రెండూ చూసి, ఏ ఆప్షన్ రాయాలో అప్పుడే తేల్చుకోండి. పాఠం ఇష్టమైనదని కాకుండా, ఏ ప్రశ్నకు మీ దగ్గర ఆధారాలు ఎక్కువున్నాయో దాన్ని ఎంచుకోండి.

బాగా వచ్చినవాళ్లు సాహిత్యంతో మొదలుపెట్టినా మంచిదే, కానీ ఒక సెక్షన్ జవాబులన్నీ ఒకచోటే రాయండి, ప్రశ్న నంబర్ పేపర్‌లో ఉన్నట్టే వేయండి. ఎక్స్‌ట్రాక్ట్ ప్రశ్నల్లో కొన్ని ఒక్క మాటతో, కొన్ని ఒక వాక్యంతో అయిపోతాయి. అడిగినదానికంటే ఎక్కువ రాస్తూ అక్కడ కూర్చోవద్దు. ఐదు మార్కుల జవాబు మొదలుపెట్టే ముందు ఆన్సర్ షీట్ చివరి పేజీలో నాలుగు మాటలు రాసుకోండి, తెలుగులో రాసుకున్నా సరే, తర్వాత రఫ్ అని కొట్టేయొచ్చు. చివరి పది నిమిషాలు మిగిల్చుకుని పాత్రల పేర్లు, ప్రశ్న నంబర్లు, వాక్యాల్లో కాలం మారిన చోట్లు మాత్రం సరిచూసుకోండి. రాత్రి నిద్రపోయే ముందు ఏం చదవాలని పిల్లలు అడుగుతుంటారు. ఐదు పద్యాలూ ఒకసారి పైకి చదివి, లైటు ఆపేయమంటాను.